విభజన సంఖ్యల వెంట – 7వ భాగం: నీడ పడని వరుసలు

గత భాగం 1920 ఏప్రిల్ 26న మద్రాసులో శ్రీనివాస రామానుజన్ మరణం దగ్గర ఆగింది. ఆయన వెనుక తెగని లెక్కలు రెండు మిగిలాయి. మొదటిది విభజన సంఖ్యలది. ఒక సంఖ్యను ధన పూర్ణసంఖ్యల మొత్తంగా ఎన్ని రకాలుగా రాయవచ్చో చెప్పేదే దాని విభజన సంఖ్య. 4ను 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1 అని అయిదు రకాలుగా రాయవచ్చు. కాబట్టి 4 విభజన సంఖ్య 5. మేజర్ పెర్సీ మెక్‌మహన్ చేత్తో లెక్కగట్టిన 200 వరకు పట్టికను ముందు పెట్టుకుని రామానుజన్ 1919లో మూడు నియమాలు ప్రకటించారు. 5తో భాగిస్తే 4 శేషం వచ్చే ప్రతి సంఖ్యకూ విభజన సంఖ్య 5 గుణిజమే. 7తో భాగిస్తే 5 శేషం వచ్చేవాటిది 7 గుణిజం. 11తో భాగిస్తే 6 శేషం వచ్చేవాటిది 11 గుణిజం. సమాన దూరంలో సాగే ఒక వరుసలోని సంఖ్యలన్నిటికీ ఇలా ఒకే శేషం కుదరడాన్ని గణితంలో కాంగ్రుయెన్స్ అంటారు.

రెండో లెక్క 1920 జనవరి 12న జి.హెచ్. హార్డీకి రాసిన చివరి ఉత్తరంలో ఉంది. చూడటానికి తీటా ప్రమేయాల్లా ఉంటూనే తీటా ప్రమేయాలు కాని పదిహేడు శ్రేణులను రామానుజన్ అందులో రాశారు. వాటిని ‘ఆర్డర్’ అనే వర్గాలుగా విడదీశారు: ఆర్డర్ 3లో నాలుగు, ఆర్డర్ 5లో పది, ఆర్డర్ 7లో మూడు. వాటికి ఆయనే మాక్ తీటా ప్రమేయాలని పేరు పెట్టారు. ఈ రెండు లెక్కలూ ఒకచోట కలుస్తాయని తెలియడానికి పాతికేళ్లు పట్టింది. ఆ కలయిక నుంచి మాక్ తీటా శ్రేణుల గుణకాలకు కాంగ్రుయెన్స్‌లు రాబట్టడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. ఈ భాగం ఆ కాలానిది.

పట్టిక దాటిన 243

రామానుజన్ మూడు నియమాలతో తృప్తి పడలేదు. 5, 7, 11ల ఘాతాలకు కూడా ఇదే తీరు సాగుతుందని ఊహించారు. సంఖ్యను 24తో గుణించి 1 తీసివేయాలి; వచ్చినది 25, 49, 121, 125, 343 వంటి ఘాతానికి గుణిజమైతే, ఆ సంఖ్య విభజన సంఖ్య కూడా అదే ఘాతానికి గుణిజం కావాలి. ఉదాహరణకు 99ని 24తో గుణించి 1 తీసివేస్తే 2375 వస్తుంది. అది 125 గుణిజం. 99 విభజన సంఖ్య 16,92,29,875 కూడా 125 గుణిజమే. మెక్‌మహన్ పట్టిక పరీక్షించనిచ్చినంత మేరకు ఊహ నిలబడింది. అయితే 343 విషయంలో ఈ షరతుకు ఒదిగే అతి చిన్న సంఖ్య 243. పట్టిక 200 దగ్గరే అయిపోయింది.

ఆ హద్దు దాటించింది పంజాబులోని హోషియార్‌పూర్ కళాశాలలో పాఠాలు చెప్పే హంసరాజ్ గుప్తా. గణక యంత్రాలు అందుబాటులో లేని కాలంలో, పదిహేను పదహారు అంకెల సంఖ్యలను కాగితం మీద పేర్చి కూడుతూ ఆయన పట్టికను 300 వరకు పెంచారు. ఆ కొత్త విలువలను రామానుజన్ ఊహతో పోల్చి చూసిన వ్యక్తి సర్వదమన్ చౌలా. అప్పుడాయన వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నారు. 243ను 24తో గుణించి 1 తీసివేస్తే 5831. అది సరిగ్గా 343×17. ఊహ నిజమైతే 243 విభజన సంఖ్య 343 గుణిజం కావాలి. గుప్తా పట్టికలో ఆ విలువ 133978259344888. దాన్ని 49 నిశ్శేషంగా భాగిస్తుంది, 343 భాగించదు. 1934లో లండన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో వచ్చిన చౌలా గమనిక చాలా చిన్నది. పదిహేనేళ్లుగా నిలిచిన ఊహ ఒక్క సంఖ్యతో సవరణకు వచ్చింది.

సవరణ చేసింది బర్మింగ్‌హామ్ ప్రొఫెసర్ జి.ఎన్. వాట్సన్. 5 ఘాతాల విషయంలో రామానుజన్ చెప్పింది అక్షరాలా నిజమని ఆయన 1938లో నిరూపించారు. 7 విషయంలో ఘాతాంకాన్ని సగం చేసి, అందులోని పూర్ణభాగానికి 1 కలిపితే వచ్చే ఘాతం వరకే హామీ ఉంటుందని తేల్చారు. 343 అంటే 7 ఘాతాంకం 3. సగంలో పూర్ణభాగం 1, దానికి 1 కలిపితే 2. అందుకే 243 దగ్గర 49 వరకే కుదిరింది. 11 ఘాతాల సంగతి తేలడానికి 1967 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ నిరూపణ ఎ.ఓ.ఎల్. ఆట్కిన్‌ది.

వాట్సన్ వీడ్కోలు ఉపన్యాసం

చివరి ఉత్తరంలోని శ్రేణులు కూడా వాట్సన్ చేతికే వచ్చాయి. 1935 నవంబరులో లండన్ మ్యాథమెటికల్ సొసైటీ అధ్యక్ష పదవి నుంచి దిగిపోతూ ఆయన ఇచ్చిన ఉపన్యాసం మాక్ తీటా ప్రమేయాల మీదే. దానికి షెర్లాక్ హోమ్స్ కథల్లో ఒకదాని పేరే పెట్టారు, ‘ది ఫైనల్ ప్రాబ్లమ్’. ఆ కథలు చెప్పే డాక్టరు పేరు కూడా వాట్సనే కావడంతో చమత్కారం సభకు వెంటనే అందింది. ఆర్డర్ 3లో రామానుజన్ రాసిన నాలుగింటికి వాట్సన్ మరో మూడు చేర్చారు. చేర్చినవాటిలో ఒకటి ఒమేగా. ఈ కథలో తర్వాత ముఖ్య పాత్ర దానిదే. రామానుజన్ జాబితాలో మొదటిది ఎఫ్ అనే శ్రేణి. దాని గుణకాలు 1, 1, −2, 3, −3, 3, −5, 7, −6, 6, −10, 12 అని మొదలవుతాయి. గుర్తులు ఒకదాని తర్వాత ఒకటి మారుతూ, పరిమాణం తడబడుతూ పెరిగే ఈ అంకెలు దేనిని లెక్కిస్తున్నాయో ఆ సభలో ఎవరికీ తెలియదు.

ఈ గుణకాల్లో కాంగ్రుయెన్స్‌లు వెతకడానికి అప్పట్లో దారి లేదు. దానికి కారణం తీటాకూ మాక్ తీటాకూ ఉన్న తేడాయే. అసలు తీటా ప్రమేయాలు మాడ్యులర్ రూపాల కుటుంబానికి చెందినవి. వాటికి ఒక బలమైన సౌష్ఠవం ఉంటుంది: చలరాశి ఏకక వృత్తం మీది ఒక బిందువును సమీపిస్తున్నప్పుడు ప్రమేయం ఎలా ప్రవర్తిస్తుందో తెలిస్తే, మరో బిందువు దగ్గరి ప్రవర్తన దాని నుంచే వచ్చేస్తుంది. ఈ సౌష్ఠవం వల్ల ఒకే రకం మాడ్యులర్ రూపాలన్నీ కొద్దిపాటి మూలరూపాల కలయికలుగా ఉంటాయి. అందుకే ఒక శ్రేణి గుణకాలన్నీ 5 గుణిజాలని చూపాలంటే మొదటి కొన్ని గుణకాలను పరీక్షిస్తే చాలు. మిగిలినవాటి బాధ్యత సౌష్ఠవానిది. విభజన సంఖ్యల శ్రేణి ఈ కుటుంబానికి దగ్గరి చుట్టం కాబట్టి దాని కాంగ్రుయెన్స్‌లను ఈ పద్ధతితో సాధించగలిగారు. మాక్ తీటా ప్రమేయం మాత్రం ఏకక వృత్తం మీది ఒక్కో ఏకక మూలం (ఏదో ఒక ఘాతం 1 అయ్యే బిందువు) దగ్గర ఒక్కో తీటా ప్రమేయాన్ని అనుకరిస్తుంది. అన్నిచోట్లా దాని ప్రవర్తనకు సరితూగే ఒకే తీటా ప్రమేయం దొరకదు. రామానుజన్ నమ్మిన ఈ చివరి మాటకు పూర్తి నిరూపణ 2013లో గానీ రాలేదు. అది మైకేల్ గ్రిఫిన్, కెన్ ఓనో, లారీ రోలెన్‌లది. సౌష్ఠవం లేని శ్రేణికి కొన్ని గుణకాల పరీక్షతో పని జరగదు.

యుద్ధకాలపు కేంబ్రిడ్జ్‌లో ఒక ర్యాంకు

రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక కేంబ్రిడ్జ్ తరగతి గదులు ఖాళీ అయ్యాయి. యువకులంతా యుద్ధ విధుల్లోకి వెళ్లగా హార్డీ పాఠాలు వినడానికి కొద్దిమందే మిగిలారు. వారిలో ఫ్రీమన్ డైసన్ ఒకరు. వించెస్టర్ పాఠశాలలో చదివే రోజుల్లోనే ఆయన రామానుజన్ కాంగ్రుయెన్స్‌ల గురించి చదివారు. 1943 జూలైలో డైసన్‌కు రాయల్ ఎయిర్ ఫోర్స్ బాంబర్ కమాండ్‌లో లెక్కల పని అప్పగించారు. జర్మనీ మీద దాడికి వెళ్లిన విమానాల నష్టాలను విశ్లేషించడం పగటి పని. విభజనలు రాత్రి పని. 1944లో కేంబ్రిడ్జ్ విద్యార్థుల గణిత పత్రిక యురేకాలో ఆయన రాసిన వ్యాసంలో నిరూపణలు లేవు, ఊహలే ఉన్నాయి.

డైసన్ అడిగిన ప్రశ్న అప్పటివరకు ఎవరూ సూటిగా అడగనిది. 5తో భాగిస్తే 4 శేషం వచ్చే సంఖ్య విభజనలు 5 గుణిజమైతే, వాటిని అయిదు సమాన గుంపులుగా విడదీసే సహజమైన పద్ధతి ఉండాలి కదా? ఆయన సూచించిన పద్ధతి చిన్నపిల్లలు కూడా చేయగలిగేది. ఒక విభజనలోని అతి పెద్ద భాగం నుంచి భాగాల సంఖ్యను తీసివేయాలి. వచ్చినదే దాని ర్యాంకు. 4 విభజనల ర్యాంకులు వరుసగా 3, 1, 0, −1, −3. వీటిని 5తో భాగించిన శేషాలు 3, 1, 0, 4, 2; ప్రతి శేషం ఒక్కసారే వచ్చింది. 5 విభజనలు ఏడింటి ర్యాంకులు 4, 2, 1, 0, −1, −2, −4; 7తో భాగిస్తే ఏడు శేషాలూ ఒక్కోసారి వస్తాయి. 11 దగ్గరకు వచ్చేసరికి ఇది పనిచేయలేదు. 6 విభజనల్లో 4+1+1కీ, 3+3కీ ర్యాంకు 1 కావడంతో గుంపులు సమానం కాలేదు. 11కు పనికొచ్చే మరో కొలత ఉండే తీరుతుందని డైసన్ రాసి, కనిపించకముందే దానికి క్రాంక్ అని పేరు పెట్టారు. బుధుడి కక్ష్య లోపల ఉందని నమ్మి వెతికి, చివరికి లేదని తేలిన వల్కన్ గ్రహం గతి దానికి పట్టకూడదని కూడా ఆశించారు.

ర్యాంకుతో రామానుజన్ రెండు లెక్కలు కలిశాయి. ఒక సంఖ్య విభజనల్లో సరి ర్యాంకు ఉన్నవి ఎన్నో లెక్కించి, అందులోంచి బేసి ర్యాంకు ఉన్నవాటిని తీసివేయాలి. 4కు సరి ర్యాంకు విభజన 2+2 ఒక్కటే, మిగిలిన నాలుగూ బేసి, తేడా −3. 3కు ర్యాంకులు 2, 0, −2. మూడూ సరి, తేడా 3. 2కు ర్యాంకులు 1, −1, తేడా −2. ఇవి ఎఫ్ శ్రేణి గుణకాలే. రామానుజన్ చివరి ఉత్తరంలోని మొదటి మాక్ తీటా శ్రేణి, 1919 కాంగ్రుయెన్స్‌లకు కారణం చెప్పడానికి పుట్టిన ర్యాంకులనే లెక్కిస్తోంది. సంఖ్యను ఒక చలరాశితో, ర్యాంకును మరో చలరాశితో గుర్తించే ర్యాంకుల శ్రేణిలో రెండో చలరాశి స్థానంలో −1 పెడితే ఎఫ్ వస్తుంది. ఇతర ఏకక మూలాలు పెడితే మిగిలిన మాడ్యులోల, అంటే శేషం చూసే భాజకాల, ర్యాంకు పంపకాలు వస్తాయి.

రెండు దారులు

డైసన్ ఊహలను 1954లో ఆట్కిన్, పీటర్ స్విన్నర్టన్-డయ్యర్ కలిసి నిరూపించారు. ఆ నిరూపణ విభజనలను చేత్తో పంచి చూపేది కాదు. తీటా శ్రేణుల సమీకరణాలతో నడిచేది. ఆ కాలంలో విభజనలను గుంపులుగా పంచి చూసేవారు ఒక వైపు, విశ్లేషణతో గుణకాల పరిమాణం అంచనా కట్టేవారు మరో వైపు నడిచారు. రెండో వైపు పెన్సిల్వేనియాలో హన్స్ రాడెమాకర్ శిష్యులు ముందున్నారు. లీలా డ్రాగనెట్ 1952లో ఎఫ్ గుణకాలకు ఉజ్జాయింపు సూత్రం ఇచ్చారు. అదే గురువు దగ్గర చదివిన జార్జ్ ఆండ్రూస్ 1960ల్లో దాన్ని మెరుగుపరిచి, దాన్ని అనంత శ్రేణిగా పొడిగిస్తే ఖచ్చితమైన విలువే వస్తుందని ఊహించారు. ఇక విభజన సంఖ్యలకు ఆట్కిన్ కంప్యూటర్ సాయంతో 5, 7, 11 దాటిన కాంగ్రుయెన్స్‌లు పట్టారు. వాటిలో ఒకటి 13ది: 237తో మొదలుపెట్టి 17303 చొప్పున పెరిగే వరుసలో విభజన సంఖ్యలన్నీ 13 గుణిజాలు. 17303 అంటే 11 ఘనం ఇంటూ 13. రామానుజన్ నియమాల సరళత ఇందులో లేదు. ఇంత వంకర వరుస ఎందుకు కుదిరిందో చెప్పడానికి మాడ్యులర్ రూపాల సిద్ధాంతం తప్ప దారి లేదు.

వాట్సన్ 1965లో మరణించాక ఆయన ఇంట్లో ఒక గది నేలంతా అడుగు ఎత్తున కాగితాలు పరుచుకుని ఉన్నాయి. వాటిని తగలబెట్టాలనుకుంటున్న సమయంలో గణితవేత్త జె.ఎం. విటాకర్ వెళ్లి చూశారు. అందులో రామానుజన్ చివరి ఏడాది రాసిన కాగితాలు బయటపడ్డాయి. మరో గణితవేత్త ఆర్.ఎ. రాంకిన్ వాటిని 1968 డిసెంబరులో కేంబ్రిడ్జ్ ట్రినిటీ కళాశాల గ్రంథాలయానికి పంపారు. అక్కడ వాటిని 1976లో చూసిన ఆండ్రూస్‌కు అవేమిటో వెంటనే తెలిసింది, ఎందుకంటే ఆయన పరిశోధనే మాక్ తీటాల మీద. ఆర్డర్ 5 మాక్ తీటా శ్రేణులకూ 5 మాడ్యులో ర్యాంకులకూ సూటి సంబంధాలు ఆ పేజీల్లో ఉన్నాయి. ఆండ్రూస్, ఫ్రాంక్ గార్వన్‌లు ‘మాక్ తీటా ఊహలు’గా తీర్చిదిద్దిన ఆ సంబంధాలను డీన్ హికర్సన్ 1988లో నిరూపించారు. డైసన్ కోరిన క్రాంక్ కూడా అక్కడి ఒక సూత్రం ఆసరాతోనే దొరికింది. రామానుజన్ శతజయంతి సందర్భంగా 1987లో ఇల్లినాయ్‌లో జరిగిన సదస్సు ముగిసే సమయానికి ఆండ్రూస్, గార్వన్‌లు దాని నిర్వచనం పూర్తి చేశారు. విభజనలో 1లు లేకపోతే అతి పెద్ద భాగమే క్రాంక్. ఉంటే, 1ల సంఖ్య కంటే పెద్దవైన భాగాలు ఎన్నో లెక్కించి అందులోంచి 1ల సంఖ్య తీసివేయాలి. 6 విభజనలు పదకొండుకు క్రాంకులు 6, 0, 4, −1, 3, 1, −3, 2, −2, −4, −6. 11తో భాగిస్తే పదకొండు శేషాలూ ఒక్కోసారి వస్తాయి.

యుట్రెక్ట్ నుంచి వచ్చిన పూరణ

అయినా మాక్ తీటా గుణకాల కాంగ్రుయెన్స్‌లు అందలేదు. 2000లో కెన్ ఓనో విభజన సంఖ్యల విషయంలో పెద్ద అడుగు వేశారు: 5 లేదా అంతకు మించిన ప్రతి ప్రధాన సంఖ్యకూ ఆట్కిన్ పట్టినలాంటి కాంగ్రుయెన్స్‌లు అనంతంగా ఉన్నాయని నిరూపించారు. ఆ నిరూపణకు ఆధారం మాడ్యులర్ సౌష్ఠవమే కావడంతో మాక్ తీటా శ్రేణులు గుమ్మం బయటే ఉండిపోయాయి.

గుమ్మం దాటించిన పని నెదర్లాండ్స్‌లో జరిగింది. డాన్ జాగియర్ పర్యవేక్షణలో సాండర్ జ్వెగర్స్ 2002లో యుట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి పరిశోధన గ్రంథం సమర్పించారు. మాక్ తీటా ప్రమేయానికి లోటు ఏమిటో అందులో తేలింది. ప్రతి మాక్ తీటా శ్రేణికీ ఒక అదనపు భాగం కలపవచ్చు. ఆ భాగం మామూలు శ్రేణి కాదు. సంకీర్ణ విశ్లేషణలో హోలోమార్ఫిక్ అనే ప్రమేయాల గుణం దానికి ఉండదు. రెండూ కలిస్తే మాత్రం మాడ్యులర్ సౌష్ఠవం పూర్తిగా తిరిగి వస్తుంది. ఆ అదనపు భాగాన్ని పుట్టించే తీటా శ్రేణికి జాగియర్ నీడ అని పేరు పెట్టారు. పూరణ పొందిన ప్రమేయాలు, యాన్ బ్రూనియర్, యెన్స్ ఫుంకే దాదాపు అదే సమయంలో నిర్వచించిన హార్మోనిక్ మాస్ రూపాల్లో ఇమిడిపోయాయి.

విస్కాన్సిన్‌లో కెన్ ఓనోతో కలిసి పనిచేసిన కాత్రిన్ బ్రింగ్‌మన్ దీన్ని మొదట పరిమాణ లెక్కకు వాడారు. ఎఫ్ గుణకాల ఖచ్చిత సూత్రం గురించి ఆండ్రూస్ చేసిన ఊహ 2006లో సిద్ధాంతమైంది. తర్వాత కాంగ్రుయెన్స్‌ల వంతు. ఇక్కడ అసలు కిటుకు నీడ స్వభావంలోనే ఉంది. నీడ ఒక చలరాశి తీటా శ్రేణి కాబట్టి దాని ఘాతాంకాలన్నీ వర్గసంఖ్యల నుంచే వస్తాయి. ఎఫ్ శ్రేణిలో ఏ స్థానం దగ్గర నీడ పడుతుందో తేల్చే షరతు ఇది: స్థాన సంఖ్యను 24తో గుణించి 1లోంచి తీసివేస్తే వచ్చేది వర్గం కావాలి. ఒక ప్రధాన సంఖ్యతో భాగించినప్పుడు వర్గాలకు అన్ని శేషాలూ రావు. 5తో భాగిస్తే 0, 1, 4 మాత్రమే వస్తాయి, 2, 3 ఎన్నటికీ రావు. అలాంటి రాని శేషాల వరుసను ఎంచుకుని గుణకాలను ఏరితే, ఆ వరుస మీద నీడ పడదు. మిగిలింది అచ్చమైన మాడ్యులర్ రూపం. ఓనో 2000లో వాడిన పద్ధతి ఇక యథాతథంగా పనిచేస్తుంది. బ్రింగ్‌మన్, ఓనోల ఈ వాదన ‘డైసన్ ర్యాంకులు, మాస్ రూపాలు’ అనే పేరుతో 2010లో అచ్చయింది. ఒక్కో ర్యాంకు గుంపులోని విభజనల సంఖ్య విడివిడిగా కూడా ఒక ప్రధాన సంఖ్య ఘాతానికి గుణిజమయ్యే వరుసలు అనంతంగా ఉన్నాయని అది చూపింది. మరోవైపు 2005లోనే కార్ల్ మాల్‌బర్గ్ క్రాంక్‌కు ఇలాంటి ఫలితం సాధించారు.

ఒమేగా వరుసలు

ఉన్నాయని తెలియడం వేరు, వేలు పెట్టి చూపడం వేరు. ఒమేగా శ్రేణి గుణకాలు 1, 2, 3, 4, 6, 8, 10, 14, 18, 22, 29, 36 అని పెరుగుతాయి. వీటికి కాంగ్రుయెన్స్‌లు అనంతంగా ఉన్నాయని షారన్ గార్త్‌వెయిట్, డేవిడ్ పెనిస్టన్ 2008లో నిరూపించారు. మొదటి స్పష్టమైన ఉదాహరణ 2011లో మాథియాస్ వాల్డ్‌హెర్ ఇచ్చారు: స్థానాన్ని 40తో భాగిస్తే 27 గానీ 35 గానీ శేషం వస్తే, అక్కడి గుణకం 5 గుణిజం. 27వ స్థానంలో ఉన్నది 660.

ఆ రెండు శేషాలు యాదృచ్ఛికం కావు. ఒమేగాలో నీడను నిర్ణయించేది స్థానాన్ని 3తో గుణించి 2 కలిపితే వచ్చే సంఖ్య. 27కు అది 83, 35కు 107. 5తో భాగిస్తే వరుసగా 3, 2 శేషాలు. వర్గాలకు రాని రెండు శేషాలూ ఇవే. పక్కనే ఉన్న 19వ స్థానం తీసుకుంటే 59 వస్తుంది, శేషం 4, అది వర్గశేషం. అక్కడి గుణకం 176ను 5 భాగించదు.

ఒమేగా గుణకాలకు విభజనల అర్థం 2015లో దొరికింది. జార్జ్ ఆండ్రూస్, అతుల్ దీక్షిత్, ఏ జా యీ కలిసి చూపినదాని ప్రకారం, శ్రేణిని ఒక స్థానం జరిపితే దాని గుణకం ఒక ప్రత్యేక రకం విభజనలను లెక్కిస్తుంది: బేసి భాగాలన్నీ అతి చిన్న భాగానికి రెట్టింపు కంటే తక్కువగా ఉండాలి. 4 విభజనల్లో 3+1 ఈ షరతు తప్పుతుంది, ఎందుకంటే 3 కంటే 1కి రెట్టింపైన 2 చిన్నది. మిగిలినవి నాలుగు, ఒమేగాలో ఆ స్థానపు గుణకం కూడా 4. ఈ అర్థం పట్టుకుని ఆండ్రూస్, యీలు డానీ పాసరీ, జేమ్స్ సెల్లర్స్‌లతో కలిసి 2017లో 2 ఘాతాల కాంగ్రుయెన్స్‌లు ప్రచురించారు. ఈ విభజనల లెక్కలో 8తో భాగిస్తే 4 శేషం వచ్చే సంఖ్యలకు విలువ 4 గుణిజం: 4, 36, 176, 660. 6 శేషం వచ్చేవాటికి 8 గుణిజం: 8, 56, 248. ఇవి చేత్తో సరిచూసుకోగలిగినంత చిన్నవి.

కాంగ్రుయెన్స్ లేని చోట్లు

ఒమేగాకు 2 మాడ్యులోలో ఇంత సులువుగా వరుసలు దొరికితే, తోడబుట్టిన ఎఫ్‌కు ఒక్కటి కూడా లేదు. దీని వెనుక ఒక తెలుగు గణితవేత్త వేసిన ప్రశ్న ఉంది. అప్పటి గుంటూరు జిల్లా యాజలిలో 1921లో పుట్టిన మతుకుమల్లి వెంకట సుబ్బారావు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోనూ, తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ బోధించి, 1963 నుంచి కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో పనిచేశారు. 5, 7, 11ల దగ్గర ఇంత క్రమంగా నడిచే విభజన సంఖ్యలు సరి, బేసిల విషయంలో ఏ క్రమానికీ లొంగవని ఆయన 1966లో ఊహించారు. సమాన దూరంలో సాగే ఏ వరుస తీసుకున్నా అందులో సరి విభజన సంఖ్యలు అనంతంగా ఉంటాయి, బేసివీ అనంతంగా ఉంటాయి. సరి సగాన్ని ఓనో 1996లో నిరూపించారు. బేసి సగాన్ని సిల్వియు రాదు 2012లో పూర్తిచేశారు. 3 మాడ్యులోలోనూ కాంగ్రుయెన్స్ వరుస ఏదీ లేదని అదే పనిలో తేలింది. సుబ్బారావు 2006లోనే మరణించారు.

ఈ ఫలితం ఎఫ్‌కు వెంటనే అతుకుతుంది. విభజన సంఖ్య అంటే సరి ర్యాంకు, బేసి ర్యాంకు విభజనల మొత్తం. ఎఫ్ గుణకం అంటే వాటి తేడా. రెండు సంఖ్యల మొత్తమూ తేడా ఎప్పుడూ కలిసి సరిగానో కలిసి బేసిగానో ఉంటాయి. కాబట్టి ఎఫ్ గుణకాలన్నీ సరి అయ్యే వరుస ఒక్కటి కూడా ఉండదు. 3 మాడ్యులోలో కాంగ్రుయెన్స్ వరుసలు లేని మాక్ తీటా శ్రేణులను స్కాట్ ఆల్‌గ్రెన్, బ్యుంగ్‌చన్ కిమ్ 2015లో గుర్తించారు.

5, ఆపైన ప్రధాన సంఖ్యల సంగతి 2014లో నికోలస్ ఆండర్సన్ తేల్చారు. ఎఫ్ శ్రేణిలో అలాంటి ప్రధాన సంఖ్యకు కాంగ్రుయెన్స్ వరుస ఉంటే, వరుసలోని దూరం ఆ ప్రధాన సంఖ్యకు గుణిజమే కావాలి. అంతేకాక, వరుస మొదటి స్థానాన్ని 24తో గుణించి 1లోంచి తీసివేస్తే వచ్చేది ఆ ప్రధాన సంఖ్య మాడ్యులోలో సున్న కాని వర్గశేషం కాకూడదు. అంటే నీడకు కేటాయించిన శేషాల్లో కాంగ్రుయెన్స్ పుట్టనే పుట్టదు. నీడ తప్పించుకోవడం బ్రింగ్‌మన్, ఓనోల చేతిలో ఒక ఉపాయం. ఆండర్సన్ సిద్ధాంతంతో అది తప్పనిసరి షరతు అయింది. ఇలాంటి షరతే నీడ లేని విభజన సంఖ్యలకూ వర్తిస్తుందని రాదు అంతకుముందే చూపారు. 1919లో మెక్‌మహన్ పట్టిక చూసి రామానుజన్ ఎంచిన మూడు వరుసల్లో 24తో గుణించి 1 తీసివేసే లెక్క సున్న శేషమే ఇస్తుంది; ఆయన ఊహలన్నీ ఈ షరతు అనుమతించే చోటే ఉన్నాయి.

ఇంతవరకు మాక్ తీటా గుణకాలను భాగించి చూడటమే జరిగింది. వాటి విలువలే మరో చోట ప్రత్యక్షమైన కథ తర్వాతి భాగంలో వస్తుంది. 2010లో ముగ్గురు భౌతిక శాస్త్రవేత్తలు, తోహ్రు ఎగుచి, హిరోషి ఒగురి, యూజి తచికావా, ఒక మాక్ మాడ్యులర్ శ్రేణిలో 45, 231, 770, 2277 అనే సంఖ్యలను గమనించారు. అవి 19వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త ఎమీల్ మాథ్యూ కనుగొన్న, 24,48,23,040 మూలకాలున్న ఒక సమూహానికి చెందిన సంఖ్యలు. విభజనల లెక్కకూ, ఆ సమూహానికీ, కృష్ణబిలాల లెక్కకూ ఉన్న లంకె ఎనిమిదో భాగం విషయం.